నూట డెబ్బై మూడో బొమ్మలో వేలు

పిల్లల చానల్ తెర మీద కుడివైపు మూలన ఒక బుడగ ఉంటుంది. కార్యక్రమానికీ కార్యక్రమానికీ మధ్య అది మూలలోంచి బయల్దేరి, తెరంతా నిండి, చానల్ పేరు చూపించి, మళ్లీ వెళ్లి మూలన కూర్చుంటుంది. ఆ లోగోని కదిలించే పని పాతికేళ్లుగా ఒకే మనిషి చేస్తోంది. ఆఫీసులో ఆమెను బుడగక్క అంటారు. వయసు యాభై ఒకటి. కుర్చీ వెనక ఒక శాలువా, బల్ల మీద ఒక ఫ్లాస్కు, నుదుటి మీదకి ఎత్తిపెట్టుకున్న కళ్లద్దాలు. ఆ కళ్లద్దాల కోసం రోజుకి నాలుగుసార్లు బల్లంతా వెతుకుతుంది. భర్తది కళ్లద్దాల దుకాణం.

“మీ ఇంట్లో ఇద్దరూ ఫ్రేముల మీదే బతుకుతున్నారమ్మా,” అంటాడు టేపుల గది పెద్దాయన, ఆమె కనిపించినప్పుడల్లా. కదిలే బొమ్మల్లో ఒక్కో బొమ్మనీ ఫ్రేమ్ అంటారు. సెకనుకి పాతిక ఫ్రేములు. ఈ జోకుకీ పాతికేళ్లే.

“ఆయన ఫ్రేములు ఎవరో ఒకరు పెట్టుకుని చూస్తారు అన్నయ్యా. నావి ఎవరు చూశారు?” అంటుంది ఆమె.

చానల్ ఇంకా మొదలుకాని రోజుల్లో, ఆమెకి ఇరవై ఆరేళ్లప్పుడు, మెట్ల కింద సామాన్ల గది ఖాళీ చేసి ఒక బల్ల, రెండు దీపాలు, ఒక కెమెరా ఇచ్చారు. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. పిల్లలు ఆడుకునే రంగు మట్టితో, లోపల తీగ పెట్టి, ఆమె నిమ్మకాయంత బుడగ చేసింది. దానికి రెండు కళ్లు. అది బల్ల మీద దొర్లుకుంటూ వచ్చి, ఆగి, ఇటూ అటూ చూసి, ఊపిరి బిగబట్టి ఉబ్బి, టప్పున పగులుతుంది. లోపల్నుంచి చానల్ పేరు బయటపడుతుంది. మొత్తం పన్నెండు సెకన్లు, అంటే మూడొందల బొమ్మలు. మట్టిని వెంట్రుకవాసి కదపడం, చెయ్యి తియ్యడం, ఫొటో తియ్యడం, మళ్లీ కదపడం. పదిహేడు రోజులు పట్టింది. దీపాల వేడికి మట్టి జిడ్డు కారేది. ఒక్కో ఫొటోని రెండేసి ఫ్రేముల పాటు నిలబెట్టొచ్చని, నూట యాభై తీస్తే సరిపోయేదని రెండేళ్ల తర్వాత ఎవరో చెప్పారు. ఆ రోజు ఆమె మధ్యాహ్నం అన్నం తినలేదు.

నూట డెబ్బై మూడో ఫొటో దగ్గర చెయ్యి తియ్యడం మర్చిపోయింది. మూడు రోజుల ముందు తీగ గీసుకుని బొటనవేలు పొడుగ్గా చీరుకుపోయింది. మానుతున్న గాయం దురద పెడుతుంటే ఆ ధ్యాసలో మీట నొక్కేసింది. ఆ ఒక్క ఫ్రేములో బుడగ పక్కన ఆమె బొటనవేలు పడింది. చూసుకునేసరికి నూట తొంభై దాకా వచ్చేసింది. ఆ ఒక్కటీ కత్తిరిస్తే బుడగ ఉన్నచోట తుళ్లిపడుతోంది. సెకనులో పాతికో వంతు ఎవరి కంట పడుతుందిలే అని వదిలేసింది. ఎవరి కంటా పడలేదు. ‘టప్’ శబ్దం మాత్రం భర్త ఇచ్చాడు. అప్పటికి పెళ్లై ఏడాది. బుగ్గలో వేలు పెట్టి లాగితే ఆయనకి ఆ శబ్దం భలే వస్తుంది. పాతికేళ్లుగా దుకాణానికొచ్చిన ప్రతివాడికీ, చూపు పరీక్ష అయ్యేలోపు, ఆ సంగతి చెబుతూనే ఉన్నాడు.

మట్టి బుడగ తొమ్మిది నెలలు నడిచింది. తర్వాత రెండో మేనేజరు వచ్చాడు. మట్టి మురికిగా కనిపిస్తోందని, బుడగని కాగితాల మీద గీయించి వెనకాల ఇంద్రధనుస్సు పెట్టించాడు. మూడో మేనేజరు బుడగకి చేతులు కావాలన్నాడు. నాలుగో ఆయన, చేతులున్నదానికి కాళ్లు లేకపోతే పిల్లలు అడుగుతారన్నాడు. కాళ్లు పెట్టాక బూట్లేవీ అన్నాడు. ఐదో ఆయనతో పాటు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. బుడగ ప్లాస్టిక్ బకెట్‌లా మెరిసింది. ఏడో ఆవిడ, పగిలిపోవడం అంటే చచ్చిపోవడమే కదా, పసిపిల్లలు దిగులుపడతారంది. ఆ రోజు నుంచి బుడగ పగలడం మానేసి ఎగరడం మొదలుపెట్టింది. ఎనిమిదో ఆవిడ కనురెప్పల వెంట్రుకలు పెట్టించింది. తొమ్మిదో ఆయన వెంట్రుకలు, బూట్లు, కాళ్లు, చేతులు వరసగా తీయించాడు. పదో ఆయన, ఫోన్లలో తెర చిన్నది కాబట్టి కళ్లు కూడా దండగన్నాడు. ఇప్పుడు మూలన ఉన్నది ఒట్టి నీలం వృత్తం.

“పాతికేళ్లు కష్టపడి సున్నా దాకా వచ్చాం,” అంది బుడగక్క, అది మొదటిసారి ప్రసారమైన రోజున. ఎవరూ నవ్వలేదు. మీటింగు మధ్యలో ఉన్నారు.

ఈ వరసలో ఆరో మేనేజరుని వేరుగా చెప్పుకోవాలి. ఆయన నోట ఒకటే మాట, ‘ఇంకొంచెం’. ఇంకొంచెం నెమ్మది, ఇంకొంచెం హుషారు. ఒకసారి బుడగ నడక నెమ్మది చెయ్యమంటే చేసింది. ‘ఇంకొంచెం’ అన్నాడు. మళ్లీ చేసింది. పంపేటప్పుడు పొరపాటున పాత ఫైలుకే ‘ఇంకొంచెం నెమ్మది – ఫైనల్’ అని పేరు పెట్టి పంపేసింది. ఆయన చూసి, “ఇప్పుడు కుదిరింది,” అన్నాడు. సాయంత్రం తప్పు తెలిసి చెప్పడానికి వెళ్లేసరికి అది ప్రసారమైపోయింది. ఆ ఆఫీసులో ముందు పేరు చదువుతారని, చదివాక కళ్లకి అదే కనిపిస్తుందని ఆమెకి అప్పుడు తెలిసింది. తెలిసినా ఆ తెలివిని వాడుకోలేదు. పైన ఏం రాస్తే లోపల అదే ఉండాలి. ఆమె కంప్యూటర్లో ‘ఫైనల్’, ‘ఫైనల్ రెండు’, ‘ఇదే ఫైనల్’, ‘ఒట్టు, ఇదే ఫైనల్’ అనే ఫైళ్లు ఉన్నాయి. ప్రతిదానిలోనూ పేరుకి తగ్గదే ఉంది.

చానల్ పెట్టి పాతికేళ్లు నిండే వారం, సోమవారం పొద్దున, పదకొండో మేనేజరు మీటింగు పెట్టాడు. మర్యాదస్తుడు, కుర్రవాడు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి రెండు నిమిషాల సినిమా ఒకటి వెయ్యాలి, మొదటి లోగో నుంచి ఇప్పటిదాకా వరసగా. కూర్చేది బుడగక్కే.

“ఇంద్రధనుస్సుతో మొదలుపెడదాం మేడమ్. అదే కదా మొదటిది,” అన్నాడు.

“కాదండీ. మొదటిది మట్టిది.”

“పేజీలో ఇంద్రధనుస్సే ఉంది మేడమ్.”

పేజీ అంటే, ఈ చానల్ లోగోలన్నిటినీ సేకరించే ఒక అభిమాని ఇంటర్నెట్‌లో నడిపే పేజీ. పద్దెనిమిది లోగోలు, ఏది ఏ తేదీన మొదలైంది, ఎన్ని సెకన్లు, ఏ రంగు, అన్నీ ఉంటాయి. చానల్ దగ్గర అలాంటి పట్టిక ఏదీ లేదు.

“పేజీలో ఏముంటే ఏంటండీ. చేసింది నేను.”

మేనేజరు ఫోనులో కిందికి జరిపాడు. “ఇదిగో, అడుగున రాశారు. ‘మట్టి బుడగ ఒకటి ఉండేదని కొందరంటారు. ఆధారం లేదు. బహుశా ఎవరో అభిమాని తర్వాత సరదాకి చేసినది కావచ్చు.’”

“ఆ అభిమానిని నేనే.”

పక్క కుర్చీలో ఎవరో దగ్గారు.

“మీరు చేశారని నేను నమ్ముతున్నాను మేడమ్. కానీ ఒక్క తప్పు దొర్లితే ఈ అభిమానులు మనల్ని ఉతికి ఆరేస్తారు. పేజీలో మార్పించండి, లేదంటే టేపు చూపించండి. గురువారం సాయంత్రం దాకా టైముంది. లేకపోతే ఇంద్రధనుస్సే.”

“నేను చేసినట్టు నేనే రుజువు తేవాలా?”

“ఫార్మాలిటీ మేడమ్.”

బుడగక్క బయటికొచ్చి ఫ్లాస్కులో టీ అంతా తాగేసింది. మిగిలిన పద్దెనిమిదీ ఎవరో ఒకరు చెబితే చేసినవి. ఎవరూ చెప్పకుండా తనకి తోచినట్టు చేసింది ఆ ఒక్కటే. శుక్రవారం ఆరింటికి ఆ పన్నెండు సెకన్లు, ఉన్నవి ఉన్నట్టుగా, అందరికంటే ముందు రావాలి. అంతకుమించి ఆమె ఈ పాతికేళ్ల వేడుక నుంచి ఏమీ కోరలేదు.

పేజీ నడిపే మనిషికి మెయిలు రాసింది. గంటలోపు జవాబొచ్చింది. సాయంత్రం ఇంట్లో దాన్ని భర్తకి చదివి వినిపించింది.

“‘మీరు చానల్లో పనిచేస్తున్నందుకు సంతోషం. అయితే చేసినవారి జ్ఞాపకం ఆధారం కిందికి రాదు. గతంలో ఒకాయన ఇంద్రధనుస్సు తానే గీశానని రాశారు. విచారిస్తే ఆయన ఆ గదిలో ఏసీ బాగుచేసినవారు. ప్రసారమైనప్పటి రికార్డింగు ఉంటే పంపగలరు. మరొక్క సందేహం. మట్టి బుడగ నిజమే అయితే, అది పగిలే శబ్దం సీసా మూత తీసినదేనా?’”

“సీసా మూతా?” అన్నాడు భర్త. చేతిలో తుడుస్తున్న అద్దం కింద పెట్టేశాడు. “సీసా మూతని రాశాడా వాడు?”

“రాయలేదు, అడిగాడు.”

“అడగడానికైనా సిగ్గుండాలి కదే.”

మంగళవారం ఆమె టేపుల గదికి వెళ్లింది. పెద్దాయన లావుపాటి పుస్తకం తీసి, వేలు తడుపుకుంటూ పేజీలు తిప్పి, అరల మధ్యలోకి వెళ్లి ఏడు టేపులు పట్టుకొచ్చాడు. ఏడింటి మీదా ‘మట్టి బుడగ’ అని చీటీలున్నాయి. ఆమె ప్రాణం లేచొచ్చింది. మొదటి టేపు వేశారు. ఒకాయన వంకాయలు కోస్తున్నాడు. రెండోది వేశారు. అదే ఆయన, వేరే చొక్కాలో, ఉల్లిపాయలు కోస్తున్నాడు.

“వంటల కార్యక్రమం ఎక్కించేశారమ్మా,” అన్నాడు పెద్దాయన. “ఆ ఏడాది కొత్త టేపులు కొనొద్దన్నారు. పిల్లల బొమ్మలే కదా, చెరిపెయ్యమన్నారు.”

“చెరిపితే చెరిపారు. చీటీలు మార్చొద్దా అన్నయ్యా?”

“చీటీలు కూడా కొనొద్దన్నారమ్మా.”

ఏడో టేపు దాకా చూసింది. ఏడోదాంట్లో ఆయన తిన్నాడు.

ఆ సాయంత్రం భర్త అటక మీద దుమ్మంతా కిందికి దింపాడు. మొదటి ప్రసారాన్ని తాను ఇంట్లో రికార్డు చేశానని, కేసెట్టు మీద ‘మా టప్’ అని తన చేత్తోనే రాశానని ఆయన గట్టిగా చెప్పాడు. కేసెట్టు దొరికింది. ‘మా టప్’ అనే ఉంది. బుధవారం పొద్దున టేపుల గదిలో దాన్ని వేస్తే, ఆడపడుచు కొడుకు బడిలో ఆటల పోటీ వచ్చింది. ఆమె అక్కణ్ణుంచే భర్తకి ఫోను చేసింది.

“మీ మేనల్లుడి పరుగు పందెం అండీ. మొదట్నుంచీ చివరిదాకా.”

“అదెలా? చీటీ నేనే రాశాను కదా.”

“ఈ ఊళ్లో చీటీ రాసేవాళ్లకేం కొదవ లేదు. లోపల ఏముందో చూసేవాళ్లే లేరు.”

“గెలిచాడా వాడు?”

“ఐదో వాడు.”

“ఎంతమందిలో?”

“ఐదుగురిలో.”

బుధవారం సాయంత్రం అన్నాల దగ్గర మొగుడూ పెళ్లాలిద్దరూ మాట్లాడుకోవడం లేదు. అత్తగారికి ఎనభై ఏళ్లు. చెవులు బాగానే వినిపిస్తాయి గానీ, వినిపించనట్టు ఉండటం వల్ల ఇంట్లో చాలా సంగతులు తెలుస్తాయని ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది. ఆ రోజు మాత్రం విసుగొచ్చింది.

“రెండ్రోజుల్నుంచి ఇల్లంతా పీకి పందిరేస్తున్నారు. ఏం పోయింది?”

“మీకు గుర్తుండదులెండి అత్తయ్యా. మొదట్లో నేను చేసిన మట్టి బుడగ.”

“ఆ దిక్కుమాలిన బుడగా? నా సీరియల్ కేసెట్టులో ఉంటుందిగా.”

ఇద్దరూ తినడం ఆపారు.

“కేసెట్టు పెట్టగానే ముందు అదే వచ్చేది,” అంది అత్తగారు. “దొర్లుకుంటూ రావడం, ఊరంతా తనదే అయినట్టు ఇటూ అటూ చూడటం, ఉబ్బడం. వీడు టప్పనడం. అప్పటికి గానీ నా సీరియల్ మొదలయ్యేది కాదు. ఎన్నిసార్లు చూశానో, ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకే తెలుసు.”

“మరి రెండ్రోజుల్నుంచి చెప్పరేం అత్తయ్యా?”

“నన్నెవరు అడిగారు?”

కేసెట్టు ఆవిడ బట్టల బీరువాలో, చీరల కింద ఉంది. దాని మీద చీటీ, భర్త దస్తూరీ, ఆవిడ చెప్పగా రాసింది: ‘అమ్మ సీరియల్. ఆఖరి భాగం. ఎవరూ ముట్టుకోవద్దు.’ ముట్టుకోవద్దు కింద రెండు గీతలు. బుడగని రికార్డు చేసిన మర్నాడే తల్లి తన సీరియల్ కోసం ఆ కేసెట్టు లాక్కుందని, తర్వాత తాను వేరేదాని మీద ‘మా టప్’ చీటీ అతికించానని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది.

“రేపు సాయంత్రానికల్లా తిరిగి తేవాలమ్మాయ్,” అంది అత్తగారు.

“చూడటానికి మన దగ్గర మిషనే లేదు కదమ్మా, పన్నెండేళ్లయింది పాడై,” అన్నాడు కొడుకు.

“మిషను పోతే కేసెట్టు కూడా పోవాలా?”

గురువారం పొద్దున, రికార్డింగు దొరికిందని ఆమె పేజీ మనిషికి రాసింది. తన కళ్లతో చూస్తే గానీ నమ్మనని, సెలవు పెట్టి వస్తున్నానని ఆయన జవాబిచ్చాడు. పదకొండింటికి వచ్చాడు. ముప్పై మూడేళ్లుంటాయి. తెల్ల చొక్కా, చేతుల దగ్గర సబ్బు వాసన, జేబులో చిన్న టార్చిలైటు. పళ్ల డాక్టరట. చానల్ మొదలైనప్పుడు ఎనిమిదేళ్లవాడు. మట్టి బుడగని చూశానో, కలగన్నానో తనకే తెలియదని, అందుకే ఆధారం లేకుండా పేజీలో ఎక్కించలేదని చెప్పాడు.

“మీ మీద మీకే నమ్మకం లేదన్నమాట,” అంది బుడగక్క.

“రోజూ నోళ్లు చూసేవాణ్ణండీ. ఎవరి మాటా నమ్మను.”

పెద్దాయన కేసెట్టు వేశాడు. తెర మీద అడ్డంగా గీతలు పాకాయి. ఎరుపు నీలంలోకి కారింది. తర్వాత బుడగ దొర్లుకుంటూ వచ్చింది. ఆగింది. ఇటూ అటూ చూసింది. ఊపిరి బిగబట్టింది. టప్పుమంది. చానల్ పేరు వచ్చీరాగానే సీరియల్లో ఒకావిడ ఏడుపు అందుకుంది.

“మళ్లీ వెయ్యనా?” అన్నాడు పెద్దాయన.

“ఒక్కో ఫ్రేమూ ఆపుతూ వెయ్యండి,” అన్నాడు డాక్టరు.

ఒకటి నుంచి లెక్కపెట్టాడు. మధ్యలో ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. పెద్దాయన టీ తాగొచ్చేసరికి నూట ముప్పైలో ఉన్నాడు. నూట డెబ్బై మూడు దగ్గర చెయ్యెత్తాడు.

“ఇదేంటి?”

“నా వేలు.”

“ఏదీ, చూపించండి.”

ఆమె కుడిచేతి బొటనవేలు తెర పక్కన పెట్టింది. ఆయన టార్చి వెలిగించి, చెయ్యి పట్టుకుని, వేలు అటూ ఇటూ తిప్పి, తెర మీది గీతనీ వేలి మీది గీతనీ మార్చి మార్చి చూశాడు.

“గీత కొంచెం పక్కకి జరిగింది.”

“పాతికేళ్లయిందండీ. జరగదా?”

“గోరు దగ్గర వంపు మాత్రం అదే,” అన్నాడు, అయిష్టంగా. “సరే. ఇక శబ్దం.”

భర్తకి ఫోను కలిపారు. దుకాణంలో మనుషులున్నారని, ఇప్పుడు కుదరదని అన్నాడు. సీసా మూతని రాసేస్తారట అని ఆమె అంది. వెంటనే ఫోనులోంచి టప్‌మని వినిపించింది. డాక్టరు ఇంకోసారి అనమన్నాడు. మూడోది టేపులో ఉన్నదానికి సరిపోయిందన్నాడు. అక్కడే కూర్చుని పేజీ మార్చాడు: ‘మొదటి లోగో: మట్టి బుడగ. పన్నెండు సెకన్లు. నూట డెబ్బై మూడో ఫ్రేములో తయారుచేసినవారి బొటనవేలు. స్వయంగా పరీక్షించాను. శబ్దం: కళ్లద్దాల వ్యాపారి బుగ్గ.’

వెళ్తూ వెళ్తూ, పై దవడలో ఎడమవైపు పన్నొకటి చూపించుకోమని ఆమెకి చెప్పాడు.

నాలుగింటికి మేనేజరు పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది.

“సూపర్ మేడమ్. పేజీలో వచ్చేసింది. మట్టిదే మొదటిదట.”

“సోమవారం నేనూ అదే చెప్పానండీ.”

“చెప్పారు. ఇప్పుడు తేలింది. పూర్తి పన్నెండు సెకన్లూ వేద్దాం. ఆ వేలొక్కటి తీసేయండి.”

ఆమెకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. “వేలు ఎందుకండీ తియ్యడం?”

“పిల్లల చానల్ కదా మేడమ్. వేడుకలో గాయంతో ఉన్న వేలు ఏం బాగుంటుంది?”

“ఆ వేలిని చూసే కదండీ అది నిజమైనదని నమ్మారు.”

“నమ్మేశాం కదా. ఇక దాని పని అయిపోయింది.”

“సెకనులో పాతికో వంతు. ఎవరికీ కనబడదు.”

“కనబడకపోతే తీసేస్తే మాత్రం ఏం మేడమ్?” అన్నాడు, ఎంతో మర్యాదగా. “ఆరింటికల్లా పంపెయ్యండి.”

ఆమె బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. రెండు నిమిషాల పని. నూట డెబ్బై రెండో ఫ్రేముని నూట డెబ్బై మూడు మీద అతికిస్తే చాలు. అతికించింది. వేసి చూసింది. బుడగ దొర్లింది, ఆగింది, ఉబ్బింది, పగిలింది. తేడా ఏమీ లేదు. పదిహేడు రోజుల పనిలోంచి తనని తీసేస్తే తేడా ఏమీ లేదు. దానికే ఆమెకి ఒళ్లు మండింది. చేసినదాన్ని వెనక్కి తిప్పింది. వేలు మళ్లీ వచ్చి కూర్చుంది.

ఆ ఫైలుకి పేరు పెట్టాలి. ‘మొదటి లోగో – వేలు తీసినది – ఫైనల్’ అని కొట్టింది. పాతికేళ్లలో లోపల ఒకటి, పైన ఒకటి రాయడం ఇదే మొదలు. ఐదున్నర దాకా దాన్ని అలాగే చూస్తూ కూర్చుంది. తర్వాత పంపేసింది.

రెండు నిమిషాల్లో జవాబొచ్చింది: ‘పర్ఫెక్ట్ మేడమ్. చాలా నీట్‌గా ఉంది.’

శుక్రవారం ఆరింటికి ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. మట్టి బుడగ దొర్లుకుంటూ వచ్చింది. భర్త సోఫాలో ముందుకి జరిగి, సరైన చోట, బుగ్గలోంచి తానూ టప్‌మనిపించాడు. తర్వాత ఇంద్రధనుస్సు, చేతులు, కాళ్లు, బూట్లు, మెరుపులు, కనురెప్పల వెంట్రుకలు, మళ్లీ అన్నీ ఊడిపోవడం. చివరికి నీలం సున్నా.

“మరి నా సీరియల్ ఏది?” అంది అత్తగారు.

ఫోను మోగింది. మేనేజరు.

“చూశారా మేడమ్, వేలు తీశాక ఎంత బాగుందో. అది గనక ఉండుంటే అందరి కళ్లూ దాని మీదే పోయేవి.”

“అవునండీ,” అంది బుడగక్క.

ఫోను పెట్టేలోపు పళ్ల డాక్టరు దగ్గర్నుంచి సందేశం: ‘నూట డెబ్బై మూడు ఉంది. ధన్యవాదాలు. అయితే మూడో లోగో కింద సంవత్సరం తప్పు వేశారు. సరిచేయగలరు.’ ఆమె పాత డైరీలు తీసి చూసింది. ఆయన చెప్పిందే కరెక్టు. డైరీలు నేలకేసి కొట్టాలనిపించింది గానీ, మళ్లీ ఏరుకోవాల్సింది తనే.

భర్త పెన్ను తీసుకుని, ఈసారైనా సరిగ్గా రాద్దామని కేసెట్టు మీది చీటీ గోటితో గీకబోయాడు.

“దాన్ని ముట్టుకోకు,” అంది అత్తగారు. “ఆ చీటీ మీద బుడగ అని రాసుంటే పరుగు పందెం ఎప్పుడో ఎక్కించేసేవాడివి.”

సోమవారం ఆఫీసులో కొత్త తలనొప్పి. ప్రసారమైన ఫైళ్లన్నీ శాశ్వతంగా భద్రపరిచే చోటికి వెళ్లిపోయాయి. అక్కడ ఆమె మట్టి బుడగ ‘వేలు తీసినది’ అనే పేరుతోనే ఉంది. ఇంకో పాతికేళ్లకి ఎవరైనా వేలున్నది కావాలని వెతికితే దీన్ని తెరిచి కూడా చూడరు. పేరు మార్చాలంటే ఒక ఫారం నింపాలి. పేరు ఎందుకు తప్పు పడిందో కారణం రాయాలి. కింద మేనేజరు సంతకం చెయ్యాలి. ఆమె ఫారం తెరిచి, కారణం అన్న గడి దగ్గర ఆగి, అత్తగారి బీరువాలో చీరల కింద ఉన్న కేసెట్టుని తలుచుకుంది. ఫారం మూసేసింది. ఉండనీ. ఎవరూ ముట్టుకోరు.

అప్పుడే పదకొండో మేనేజరు ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“మేడమ్, శుక్రవారం దానికి రెస్పాన్స్ అదిరిపోయింది. మట్టి బుడగ అందరికీ నచ్చింది. మన ఇప్పటి లోగోకి కళ్లు పెడదాం. ఇంకొంచెం మట్టిలా కనిపించాలి. ఆఖర్న పగిలితే ఇంకా బాగుంటుంది.”

“వేలు కూడా పెట్టమంటారా?”

“వేలు వద్దు మేడమ్,” అన్నాడు ఆయన, ఆలోచించి.

బుడగక్క కళ్లద్దాల కోసం బల్లంతా వెతికింది. నుదుటి మీదే ఉన్నాయి.